పులి బొమ్మ ప్యాకెట్‌కు ఎన్ని మార్కులు?

మా అపార్ట్‌మెంట్ గేటు దాటగానే ఉన్న సూపర్ మార్కెట్లో బిల్లు కౌంటరుకు ఆనుకుని ఒక అర ఉంది. పైన ఆకుపచ్చ అట్ట మీద ‘కిడ్స్ హెల్దీ స్నాక్స్’ అని రాసి పెట్టారు. అర ఎత్తు సరిగ్గా మూడేళ్ళ పిల్లాడి ముక్కుకు సమానం. బెంగళూరు యలహంకలో ఇట్లాంటి కొట్లు వీధికి రెండున్నాయి, ఏ కొట్లో చూసినా ఈ అర కౌంటరు పక్కనే ఉంటుంది.

నేను ధర్మవరంలో లెక్కల టీచరుగా రిటైరై, మనవల్ని చూసుకోడానికి ఇక్కడికొచ్చిన జేజిని. సాయంత్రం పాపను స్కూలు బస్సు దగ్గర దించుకుని, చిన్నోణ్ణి చేత్తో పట్టుకుని పాల ప్యాకెట్ కోసం ఆ కొట్లోకి అడుగు పెడితే చాలు, “జేజీ, పులి ప్యాకెట్ బేకు” అని మొదలుపెడతాడు. తెలుగు, కన్నడం వాడికింకా ఒకటే భాష. మా కోడలు ఆఫీసు నుంచి ఫోన్ చేసి, “అత్తా, అది రాగిదేలే, ఇప్పించు” అంటుంది. రాగిదో కాదో తేల్చుకుందామని ఆ అరలో ఉన్నవన్నీ తలా ఒకటి కొనుక్కొచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచాను. చత్వారం కళ్ళకు ఆ అక్షరాలు ఆనవు కాబట్టి ఫోన్ కెమెరాతో పెద్దవి చేసుకుని చదివాను.

కంపెనీల పేర్లు రాయడం లేదు. పైన బొమ్మలు వేరే గానీ లోపలి సరుకు ఇంచుమించు ఒకటే. ఒకరి పేరు చెప్పి మిగతావాళ్ళను వదిలేయడం న్యాయం కాదు. మార్కులు మాత్రం వేస్తాను, అలవాటు పోలేదు. 35 వస్తే పాసు.

ముందువైపు అచ్చు వేసిన గొప్పల సంగతి తొందరగా ముగించేద్దాం. ‘జీరో ట్రాన్స్ ఫ్యాట్’ అంటారు, అంటే గుండెకు చెరుపు చేసే ఒక రకం కొవ్వు లేదని. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని నిబంధన. అందరూ పాటించి తీరాల్సిన దాన్ని ఒకరు ప్రత్యేకంగా చాటుకోవడం ఎందుకు? ‘కొలెస్ట్రాల్ లేదు’ అంటారు. బియ్యంలో, మొక్కజొన్నలో, గింజల నూనెలో అది ఎప్పుడుండి ఏడ్చింది గనక? ‘నో ప్రిజర్వేటివ్స్’ అంటారు. తేమ లేకుండా ఆరబెట్టి, ప్యాకెట్లో మామూలు గాలికి బదులు నైట్రోజన్ నింపి సీలు వేసిన దానికి ప్రిజర్వేటివ్‌తో పనే లేదు. తిండి సరుకుల మీద నిఘా పెట్టే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముద్ర, దాని కింద 14 అంకెల నంబరు ఉంటే “గవర్నమెంటు వాళ్ళు మంచిదన్నారు” అని మా పక్క ఫ్లాటు ఆవిడ నమ్మకం. ఆ నంబరు తయారీదారుడి లైసెన్సుది. లోపలి తిండి పిల్లలకు మంచిదా కాదా అన్నదానికీ దానికీ సంబంధం లేదు.

‘బేక్డ్, నాట్ ఫ్రైడ్’ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అబద్ధమైతే కాదు. పులి ప్యాకెట్లో ఉండే ఈ ఉబ్బిన పఫ్‌లు చేసేటప్పుడు పిండిని కొద్దిగా తడిపి, యంత్రంలో బాగా వేడి మీద, ఒత్తిడి మీద సన్నని రంధ్రం గుండా బయటికి తోస్తారు. బయటి గాలి తగలగానే లోపలి నీళ్ళు ఆవిరైపోయి పిండి ఒక్కసారిగా ఉబ్బుతుంది. తర్వాత ఆరబెడతారు. నూనె బాణలి ఎక్కడా లేదు. అయితే అట్లా ఉబ్బినదానికి రుచీ పచీ ఉండదు, మసాలా చల్లితే అంటుకోదు. అందుకని తిరిగే డ్రమ్ములో వేసి నూనె, మసాలా కలిపి పట్టిస్తారు. పులి ప్యాకెట్ వెనక కొవ్వు ఎంతని చూస్తే 100 గ్రాములకు 20 గ్రాములు ఉంది. నూనెలో వేగలేదు, నూనెతో స్నానం చేసింది.

ఇక ఆ పులి ప్యాకెట్. 30 గ్రాములు, 30 రూపాయలు. ముందువైపు రాగి కంకి బొమ్మ, దాని మీద పులి పిల్ల కాలు వేసుకుని కూర్చుంది. వెనక పదార్థాల జాబితా ఇట్లా మొదలవుతుంది: బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, తవుడు నూనె, సీజనింగ్, ఆ తర్వాత రాగి పిండి 8 శాతం. బరువులో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలన్నది లేబుల్ నిబంధన. ప్యాకెట్ మీద ఏ సరుకు పేరు చెప్పి అమ్ముతున్నారో అది ఎంత శాతం ఉందో కూడా రాయాలి. ఆ 8 శాతం దయతో రాసింది కాదు, రాయక తప్పక రాసింది.

30 గ్రాముల్లో 8 శాతం అంటే 2.4 గ్రాములు. ఒక టీస్పూను నిండుతుందో లేదో. హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో కాల్షియం దాదాపు 360 మిల్లీగ్రాములు. ఆ లెక్కన ఈ ప్యాకెట్లోని రాగి ఇచ్చే కాల్షియం 9 మిల్లీగ్రాములకు లోపే. చిన్న గ్లాసుడు పాలు, అంటే 100 మిల్లీలీటర్లు తాగితే 120 దాకా వస్తుంది. మా ఇంట్లో చిన్నోడు తినే చారెడు సంగటిలో ఈ ప్యాకెట్లు పదింటి రాగి ఉంటుంది, దాని మీద పులి బొమ్మ లేదంతే.

రాగి తక్కువైతే తక్కువైంది, అది నష్టమేమీ కాదు, వట్టి మాట పోయింది. అసలు చూడాల్సింది ఉప్పు. లేబుల్ మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు అని గుర్తు పెట్టుకుంటే చాలు. పులి ప్యాకెట్లో 100 గ్రాములకు 750 మిల్లీగ్రాముల సోడియం. 30 గ్రాముల ప్యాకెట్‌కు 225. దాని పక్కనే ‘ఒక సర్వింగ్ 15 గ్రాములు, ఆర్‌డీఏలో 6 శాతం’ అని ఉంది. ఆర్‌డీఏ అంటే రోజుకు ఇంత అని పెట్టిన కొలత. ఎంత ముచ్చటైన అంకె! ఆ ఆరు శాతంలో రెండు మతలబులున్నాయి.

మొదటిది, సర్వింగ్ 15 గ్రాములు అంటే సగం ప్యాకెట్. చింపిన ప్యాకెట్‌ను సగంలో మడిచి రేపటికి దాచుకునే మూడేళ్ళ పిల్లాణ్ణి ఎవరన్నా చూస్తే నాకు చెప్పండి. రెండోది ఇంకా పెద్దది. లేబుల్ మీది ఆ శాతం పెద్దవాళ్ళ లెక్క. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి 2000 మిల్లీగ్రాముల సోడియం అన్న కొలత మీద కడతారు. ముందువైపు పిల్లల బొమ్మ వేసి, వెనకవైపు వాళ్ళ నాన్నకు సరిపడే లెక్క రాస్తారన్నమాట. నిబంధన ప్రకారం రాసిందే, తప్పు పట్టలేం. చదివేవాళ్ళకు మాత్రం అది తెలియాలి.

పిల్లల లెక్క వేరు. పెద్దలకు రోజుకు 5 గ్రాముల ఉప్పుకు మించొద్దని, పిల్లలకు వాళ్ళ తిండిని బట్టి ఇంకా తగ్గించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళు వయసు వారీగా విడగొట్టి చెప్పారు: ఒకటి నుంచి మూడేళ్ళ వాళ్ళకు రోజుకు 2 గ్రాములు, నాలుగు నుంచి ఆరేళ్ళ వాళ్ళకు 3 గ్రాములు. సోడియంలో చెప్పాలంటే 800, 1200. ఇప్పుడు భాగించండి. ఒక్క ప్యాకెట్లో 225 అంటే మా చిన్నోడి రోజు మొత్తానికి 28 శాతం. పాపకు దాదాపు 19 శాతం. లేబుల్ మీది 6 ఇంట్లోకి వచ్చేసరికి 28 అయింది. ఇడ్లీలో ఉప్పు, పప్పులో ఉప్పు, రాత్రి పెరుగన్నంలో వాడు నంజుకునే ఊరగాయ ముక్కలో ఉప్పు, ఇవన్నీ ఇంకా లెక్కలోకి రానే లేదు.

మా కోడలు ఈ లెక్క చూసి, “మరి ఎంఎస్‌జీ లేదని రాశారు కదత్తా” అంది. ఎంఎస్‌జీ అంటే మనం టేస్టింగ్ సాల్ట్ అనే పొడి. అవును, లేదు. సీజనింగ్ పక్కన బ్రాకెట్లో రుచి పెంచే పదార్థాల నంబర్లు, ఐఎన్‌ఎస్ 627, 631 అని ఉన్నాయి, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఉంది, టమోటా పొడి ఉంది. ఎంఎస్‌జీ నంబరు 621. అది వేయలేదు గానీ అది చేసే పనిని వీళ్ళంతా కలిసి చేస్తారు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లో, టమోటాలో ఎంఎస్‌జీకి రుచినిచ్చే గ్లూటమేట్ సహజంగానే ఉంటుంది, 627, 631 తోడైతే దాని రుచి ఇంకా పెరుగుతుంది. ఇవి విషాలేం కావు, వాట్సాప్‌లో వచ్చే భయాలు నాకు లేవు. నా ఇబ్బందల్లా ఒకటే. ఈ రుచికి నాలుక అలవాటు పడ్డ పిల్లకు సాయంత్రం ఉడకబెట్టిన అలసందలు పెడితే చప్పగా ఉన్నాయని మొహం తిప్పుకుంటుంది. మా పాప చేసింది అదే.

ఇంకోటి కూడా ఉంది. పఫ్ నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది. నమలే పని లేదు కాబట్టి కడుపు నిండిన సంగతి తెలిసేలోపల ప్యాకెట్ ఖాళీ. ఆ పిండి ముద్ద దవడ పళ్ళ గుంటల్లో అతుక్కుని ఉండిపోతుంది. చిన్నోణ్ణి కూర్చోబెట్టి టార్చి వేసి చూశాను, తిన్న గంటకు కూడా నారింజ రంగు పేస్టు అట్లాగే ఉంది. పులికి 25 మార్కులు.

దాని పక్కనున్న కూరగాయల స్టిక్స్‌కు అది కూడా రాదు. బీట్‌రూటు, పాలకూర, క్యారెట్ బొమ్మలు, మూడు రంగుల కడ్డీలు. చదివితే ఆలుగడ్డ స్టార్చ్, పామోలిన్ అనే పామాయిల్ రకం, ఆ తర్వాత చివర్లో పాలకూర పొడి 1.2 శాతం, బీట్‌రూటు పొడి 0.8 శాతం. రంగుకు సరిపోయేంత ఉన్నాయి. 100 గ్రాములకు కొవ్వు 32 గ్రాములు, అందులో గుండెకు అంత మంచిది కాని శాచురేటెడ్ రకం 14. పామోలిన్‌లో నూటికి నలభై పాళ్ళకు పైనే శాచురేటెడ్ కొవ్వు ఉంటుంది కాబట్టి ఆ అంకె వింతేం కాదు. సోడియం 900. ప్యాకెట్ 50 గ్రాములు, పూర్తిగా తింటే 450. మూడేళ్ళవాడికి సగం రోజుకు పైగా ఉప్పు ఒక్క కడ్డీల ప్యాకెట్లో అయిపోతుంది. 10 మార్కులు, అవి కూడా రంగుకు.

ఫూల్ మఖానా, అంటే కలువ జాతి గింజల పేలాలు, రెండు రకాలు దొరికాయి, రెండూ ఒకే కంపెనీవి. చీజ్ మఖానాలో సోడియం 800, మామూలు ఉప్పు మఖానాలో 350. గింజ ఒకటే, పైన చల్లిన పొడితో రెట్టింపు దాటింది. ఉప్పు మఖానాకు 60 వేస్తాను. ధర చూస్తే గుండె గుభేలంటుంది, అదొక్కటే బాధ. చిన్నపిల్లలకు గింజను నలిపి ఇవ్వాలి, గొంతు దగ్గర ఎండుగా అంటుకుంటుంది.

గొంతు మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఈ అరలో పాప్‌కార్న్ ఉంది, తేనె శెనక్కాయలున్నాయి, వేయించిన నల్ల శనగలున్నాయి. లేబుల్ చూస్తే చివరిది మొత్తం అరకే ఫస్టు ర్యాంకు. కానీ నాలుగేళ్ళ లోపు పిల్లలకు పాప్‌కార్న్, ముక్కలు చేయని గింజలు ఇవ్వకూడదని పిల్లల డాక్టర్లు చెప్పేది ఊపిరి గొట్టంలో పడతాయనే. ‘కిడ్స్’ అని రాసిన అట్ట కింద, మూడేళ్ళ పిల్లాడి ముక్కు ఎత్తులో, అవెందుకున్నాయో కొట్టాయనకే తెలియాలి. శనగల్ని మిక్సీలో పొడి కొట్టి బొరుగుల్లో కలిపి పెడితే ఏ బాధా లేదు.

గుజరాతీ ఖాక్రా, అంటే పల్చగా కరకరలాడే రొట్టె, కూడా కొన్నాను. గోధుమ పిండి, నూనె, జీలకర్ర, ఉప్పు, జాబితా అంతే. ఒక్కొక్కటి 20 గ్రాముల చొప్పున ఉంది, సోడియం ఒక్కో దానికి 100. నమలాలి, పంటికి పని ఉంది. పాప స్కూలు డబ్బాలోకి ఇదే ఖాయం చేశాం, నాలుగు ముక్కలు చేసి పెడితే ఇంటికి తిరిగి రావడం లేదు. 65.

అర మొత్తంలో నాకు నచ్చింది అన్నింటికంటే కింద, మోకాలి ఎత్తులో, దుమ్ము పట్టి ఉంది. జొన్న పేలాలు. జొన్నలు, ఉప్పు, ఇంకేం లేదు. సోడియం 280, కొవ్వు నామమాత్రం. 50 గ్రాముల ప్యాకెట్‌ను పిల్లలిద్దరికీ పంచితే తలా 70. ప్యాకెట్ మీద జంతువు బొమ్మ లేదు, గోధుమ రంగు కాగితం, చూడగానే పశువుల దాణా అనిపిస్తుంది. పాపకు ఒట్టివి నచ్చలేదు, నాలుగు చుక్కల నెయ్యి వేడిచేసి, పసుపు, ఇంగువ వేసి కలిపి ఇస్తే తినింది. పిల్లల నోట్లో నలిగేంత మెత్తదనం ఉన్నదా అని చూశాను, పొట్టు కొంచెం తగులుతుంది, చిన్నోడికి ఏరి పెట్టాను. 75.

ఇంత చదివాక, “ప్యాకెట్లన్నీ పడేసి ఎదురు వీధి కాండిమెంట్స్‌లో తెచ్చుకుంటే పోలా, అక్కడ ఫ్రెష్‌గా చేస్తారు” అని మీకు అనిపించవచ్చు. మా వాడికి కూడా, అంటే నా కొడుక్కి, అట్లాగే అనిపించింది. బెంగళూరు కాండిమెంట్స్ కొట్టు నాకూ ఇష్టమే. నిప్పట్టు, కోడుబళె, కాంగ్రెస్ అని పిలిచే కారం శెనక్కాయలు, గాజు సీసాల్లో చూస్తేనే నోరూరుతుంది. కానీ అక్కడ చదవడానికి లేబులే లేదు. ఉప్పెంతో అడిగితే “సరిపోయేంత” అంటారు. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్స్, అంటే మళ్ళీ మళ్ళీ కాచినకొద్దీ పెరిగే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే పారబోయాలని 2018 నుంచి నిబంధన ఉంది, వీధి కొట్లో దాన్ని నేను గానీ మీరు గానీ ఎట్లా తెలుసుకుంటాం? పెద్దవాళ్ళం కాఫీతో ఒక నిప్పట్టు కొరుక్కోవడం వేరు, మూడేళ్ళవాడికి రోజూ పెట్టడం వేరు.

ఇంటి మురుకులకు కూడా లెక్క కట్టాను, ఊరుకుంటానా. కిలో పిండికి మూడు టీస్పూన్ల ఉప్పు వేస్తాను. దాదాపు 15 గ్రాములు, సోడియంలో 6000 మిల్లీగ్రాములు. వేగాక నూనె పీల్చుకుని తూకం కిలో ముప్పావుకు పోదు గానీ కిలో మూడొందలు ఉంటుంది. అంటే 100 గ్రాములకు 460. పులి కంటే తక్కువే, పుణ్యాత్మురాలేం కాదు. కొవ్వులో అయితే పులిని మించిపోతుంది. మురుకుకు ఉన్న సుగుణమల్లా డబ్బా అటక మీద ఉండటం, మూత తీసేది నేను కావడం. చేతికి ఒకటిస్తే 50 మిల్లీగ్రాములతో ఆట ముగుస్తుంది. పండగ నెలలో తప్ప చేయను, చేసినప్పుడు ఇప్పుడు ఉప్పు రెండు టీస్పూన్లే. మా ఆయన కనిపెట్టలేదు.

ఇక కొట్టు సంగతి. ఈ జొన్న ప్యాకెట్లు పైకి, పులి ప్యాకెట్లు కిందికి మార్చకూడదా అని కొట్టాయన్ను అడిగాను. తెలుగు బాగానే మాట్లాడతాడు. “అమ్మా, ఆ అర నాది కాదు. కంపెనీ వాళ్ళు నెలనెలా డబ్బు కట్టి తీసుకున్నారు. ఏది ఎక్కడుండాలో వాళ్ళ పిల్లోడొచ్చి సర్దిపోతాడు. జొన్న వాళ్ళు ఒక్క రూపాయి కట్టరు, అందుకే కింద” అన్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు, అద్దెలు ఆయన కట్టాలి. స్కూలు గేటుకు 50 మీటర్లలోపు ఉప్పు, కొవ్వు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో నిబంధన పెట్టింది. అపార్ట్‌మెంట్ గేటుకు అట్లాంటిదేమీ లేదు.

కొట్టుకు 55 మార్కులు. తేదీ దాటిన సరుకు కనబడలేదు, జొన్న పేలాలు అయిపోతే చెబితే రెండు రోజుల్లో తెప్పిస్తాడు, చీటీ అడిగితే విసుక్కోడు. శనగలు, పాప్‌కార్న్ పిల్లల అరలోంచి తీయమన్నాను, తీసి పైన పెట్టాడు. మీరు ఆ కొట్టుకు వెళ్తే ఒకటి చూసుకోండి, కౌంటరు దగ్గర ఆ అర కుడివైపుంది, పిల్లాణ్ణి ఎడమచేత్తో పట్టుకుని నిలబడండి.